క్రొత్త ఉయ్యాల త్రాడు



కొండలు లేని సీమ మనది. కె.గంగవరమున నిలిచి ఏ దిక్కు చూచినను వరిచేలు, కొబ్బరితోటలు, కాలువగట్లు, వానికావల గౌతమీ పాయ. ఎత్తునకెక్కి ఒక్కసారిగా క్రిందికి జారుటలో గల సంబరమును మన స్త్రీలు ఉయ్యాలవలననే తెలిసికొనిరి. ఆశ్వయుజ బహుళ తదియనాడు, అనగా అట్లతద్దెనాడు, తెల్లవారకమునుపే అన్నము తిని, చెట్టుకొమ్మకు కట్టిన ఉయ్యాలమీద ఎవరెంత యెత్తు ఊగిరో చూచుకొనుట మన ఆడుపిల్లల కనాదిగా వచ్చుచున్న హక్కు. పరుగెత్తవద్దు, గట్టిగా నవ్వవద్దు అని యాంక్షలు పెట్టిన పెద్దలు సయితము ఆ యొక్క దినమున అడ్డు చెప్పలేదు. అయితే ఆ పెద్దలే మరియొక పని కూడ చేసెడివారు. పిల్ల కూర్చుండకమునుపు త్రాటిని చేతులతో లాగి చూచి, కొమ్మను తట్టి చూచి, తాము బరువు వేసి పరీక్షించి, పిమ్మట "ఇక ఎక్కవే" అనెడివారు. ఈ నెల మేము వ్రాయదలచినది ఆ త్రాటి పరీక్షను గూర్చియే.

ఇటీవల మా యింటికి వచ్చిన యొక సోదరి ఇట్లు అడిగెను: "పట్టణమున చదువుచున్న మా అమ్మాయిని ఒక వినోదవనము వారు పిలిచినారట. క్రొత్తగా కట్టిన రోలర్ కోస్టరును జనులకు తెరచుటకు ముందొక దినమున ఆహ్వానితులను ఉచితముగా ఎక్కింతురట. పొమ్మందునా, వలదందునా? వలదన్నచో పాతకాలపు తల్లినందురు. పొమ్మన్నచో ఆ రెండు నిమిషములు నాకు నిదుర యుండదు." ఇట్టి సందేహము మరి యెన్ని యిండ్లలో నున్నదో! కావున దీనిని కొంచెము విపులముగ విచారింతము.

రోలర్ కోస్టరనగా ఇనుప పట్టాలమీద పరుగిడు చిన్న బండి. పలువిధములగు ఈ బండ్లలో సామాన్యమైన దానికి తనదైన ఇంజను లేదు. గొలుసుచేతనో, ఉక్కు త్రాటిచేతనో దానిని ఎత్తునకు లాగి విడిచిపెట్టెదరు. ఆ యెత్తే దాని మూలధనము. మనము నెల మొదట చేతికి వచ్చిన సొమ్మును దినదినము వెచ్చించునట్లు, ఆ బండి మలుపుమలుపున కొంత వేగమును రాపిడికిని గాలికిని చెల్లించుకొనుచు పోవును. అందుచేతనే ఒక్కసారి మాత్రమే పైకి లాగబడు బండికి తరువాతి మిట్టలేవియు మొదటిదానికంటె ఎత్తుగా నుండవు. దిగునప్పుడు మన యాసనమును మనమును ఒక్క వేగముననే క్రిందికి పడుటచే శరీరమునకు బరువు లేనట్లు తోచును. ఉయ్యాల వెనుకకు మరలునప్పుడు కడుపులో గిలిగింత కలుగుటకు కారణము కూడ ఇదియే.

ఈ వేడుక మొదట పుట్టినది చలిదేశమున. రష్యాలో సెంటు పీటర్సుబర్గు నగర ప్రాంతమున కొయ్యకట్టడములపై నీరు పోసి, అది గడ్డకట్టిన పిదప దానిమీద జారుచుండిరి. 1817వ సంవత్సరమున పారిసు నగరమువారు ఆ వేడుకకు చక్రముల బండ్లను పట్టాలపై నడిపి, "రష్యా కొండలు" అని పేరు పెట్టుకొనిరి. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రమున బొగ్గును కొండమీదినుండి దింపుటకు 1827లో వేసిన పట్టాలమీద కొంతకాలమునకు జనులు డబ్బిచ్చి విహరింపసాగిరి. 1884 జూనులో న్యూయార్కు సమీపమున కోనీ ఐలెండులో లామార్కస్ థామ్సన్ అను నతడు నడిపిన బండి గంటకు ఆరు మైళ్ళ వేగముతో పోయెడిది. దానికి అయిదు సెంట్లు రుసుము. మన వీధిలో సైకిలు తొక్కు పిల్లవాడు అంతకంటె వేగముగ పోవును!

వేగము పెరిగినకొలది అపాయమును పెరిగినది. 1895లో కోనీ ఐలెండులోనే బండిని తలక్రిందులుగా త్రిప్పు కట్టడమొకటి వెలసెను. అది సరిగా గాజువలె గుండ్రని చుట్టు. గుండ్రని చుట్టులోనికి బండి చొచ్చిన మరుక్షణమున బరువంతయు ఒక్కసారిగా మెడమీదను వెన్నుమీదను పడును. ఎక్కినవారు మెడనొప్పులతో దిగిరి. కొలదికాలమునకే అది మూతపడెను. లోపము ఆ గుండ్రనితనములోనే కలదు. 1976లో కాలిఫోర్నియాలో కట్టిన యొక రోలర్ కోస్టరుకు జర్మనీ దేశీయుడగు వెర్నర్ స్టెంగెల్ అను ఇంజనీరు ఆ చుట్టును నీటిబొట్టు ఆకారమున గీచెను. అడుగున వెడల్పుగను, పైన ఇరుకుగను ఉండుటచే బరువు మెల్లమెల్లగా ఎక్కి మెల్లమెల్లగా దిగును. నాటినుండి నిలువు చుట్లు చాలవరకు ఈ తీరుననే కట్టబడుచున్నవి. చెంబుకు త్రాడు కట్టి గిరగిర త్రిప్పినచో నీరొలుకదని మన పిల్లలకు తెలియును. తలక్రిందులైన బండిలో మనము పడిపోకుండుటకు మూలసూత్రమదియే. పైగా భుజములమీద కమ్మి కూడ ఉండును.

చక్రముల సంగతియు చెప్పవలెను. బండికి పట్టా పైన పరుగిడు చక్రములు మాత్రమేగాక, ప్రక్కను ఒరసుకొని పోవునవి, క్రిందినుండి పట్టాను పట్టుకొనునవి కూడ ఉండును. ఆ క్రింది చక్రములకు 1919లో అమెరికాలో జాన్ మిల్లరు అను నతడు పేటెంటు పొందెను. వానివలననే బండి పట్టా విడిచి పైకి లేవదు. గొలుసుమీద ఎక్కునప్పుడు టకటకమని వినవచ్చు చప్పుడు భయపెట్టుటకు పెట్టినది కాదు. గొలుసు తెగినను బండి వెనుకకు జారకుండ ఆపు పళ్ళవరుస చేయు చప్పుడది. వంటింటిలో కుక్కరు కూత విని నిశ్చింతపడునట్లు ఆ చప్పుడు విని నిశ్చింతపడవచ్చును.

ఇక మా యనుభవము. కోటిపల్లి శివరాత్రి తీర్థమున రంగులరాట్నమును, జెయింట్ వీలును తప్ప ఎరుగని మేము, హైదరాబాదు పొలిమేరలో రావిర్యాల వద్ద 2016 ఏప్రిలులో తెరువబడిన వండర్‌లా వినోదవనమునకు కొందరు బంధువులతో కలసి పోయితిమి. అచట "రీకాయిల్" అను రోలర్ కోస్టరు కలదు. హాలెండు దేశపు వెకోమా వారు చేయు ఈ రకపు యంత్రమునకు బూమరాంగు అని పేరు. ఈ రకపువి సాధారణముగ నూటపదియారడుగుల యెత్తున నుండును. బండిని ముందుగా వెనుకకు లాగి, ఎత్తున నిలిపి విడిచెదరు. అది స్టేషను గుండ నురికి, మూడుమారులు తలక్రిందులై, ఎదుటి కొండ ఎక్కి ఆగును. అచటినుండి మరల లాగి విడిచినచో, పోయిన దారినే వెనుకకు నడచి మరి మూడుమారులు తలక్రిందులగును. అంతయు రెండు నిమిషములలోపున ముగియును.

వెనుకకు లాగబడుచున్నప్పుడు మోకాళ్ళ క్రింద నేల చిన్నదగుచుండ, మాకు తలచుకొనుటకు దేవుని పేరు కూడ జ్ఞప్తికి రాలేదు. విడిచినంతనే కేక వచ్చినది. అది మా కేకయేనని తరువాత తెలిసినది. దిగిన పిమ్మట కాళ్ళు వణకినవి, మనసు మాత్రము కడిగిన పళ్ళెమువలె తేలికపడినది. ఇంటిలో గాని వీధిలో గాని అంత గట్టిగా అరచి ఎన్నియేండ్లయినదో!

అయినను మేమెక్కిన బండి అంతకుముందు ఎందరినో మోసినది. తొలిదినపు బండి సంగతి వేరు. మంచి సంస్థలలో క్రొత్త యంత్రమును నిలిపిన పిమ్మట మొదట ఖాళీ బండిని పలుమారులు నడుపుదురు. పిదప మనుష్యులంత బరువుగల నీటితిత్తుల బొమ్మలను కూర్చుండబెట్టి త్రిప్పుదురు. ప్రతి మలుపున ఎంత ఒత్తిడి కలుగుచున్నదో కొలుచు సాధనములు అమర్తురు. స్వతంత్రులగు ఇంజనీర్లు చూచి సంతకము చేసిన తరువాతనే మనుష్యులెక్కవలెను. ఆహ్వానితుల దినము ఆ క్రమమున కట్టకడపటిది. అది యాతిథ్యమునకు, పనివారి యలవాటునకు, పత్రికలలో ప్రకటనకు ఉద్దేశింపబడినది. త్రాటిని పరీక్షించు దినము అది కారాదు.

క్రమము తప్పినచోట ఏమి జరుగునో మన పొరుగుననే చూచితిమి. 2016 మేలో చెన్నై సమీపమున నొక వినోదవనమున క్రొత్త యంత్రమును పరీక్షించుటకై అచటి పనివారినే ఎక్కించి నడుపగా, అది కూలి ఒకరు మరణించిరి, పలువురు గాయపడిరి. నీటితిత్తులు కూర్చుండవలసిన చోట జీతగాండ్రు కూర్చుండిరి. 2019 జులైలో అహమ్మదాబాదున ఊగుడు యంత్రము విరిగి ఇద్దరు చనిపోయిరి. 2025 ఏప్రిలులో ఢిల్లీలో ఇరువదినాలుగేండ్ల యువతి రోలర్ కోస్టరునుండి పడి ప్రాణము విడిచినది. వినోదమునకు పోయి తిరిగిరాని వారి యిండ్ల దుఃఖము గోదావరి తీరవాసులకు వేరుగ చెప్పనేల? 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద పాపికొండల విహారపు పడవ మునిగిననాటి శోకము మనమెవ్వరమును మరువలేదు. ఆ పిమ్మట పడవ యెక్కునప్పుడు లైఫ్ జాకెట్టు కొరకు అడుగుట మనకు సిగ్గు కాకపోయినది. ఇనుప బండి యెక్కునప్పుడు మాత్రము అడుగుటకు సిగ్గేల?

కావున మా సోదరికి మేమిచ్చిన యుత్తరమిది: అమ్మాయిని పోనిండు, కాని మూడు ప్రశ్నలడిగి పొమ్మనుడు. బరువుల బొమ్మలతో పరీక్షలు ముగిసినవా? బయటి ఇంజనీర్ల ధ్రువపత్రమును, ప్రభుత్వపు అనుమతియు వచ్చినవా? ఎక్కువారిచే "ఏమి జరిగినను మేమే బాధ్యులము" అని సంతకము చేయించుచున్నారా? మొదటి రెంటికి "అవును" అని వెంటనే చెప్పక నసిగినచో, మూడవదానికి మాత్రము కాగితము చేతికిచ్చినచో, ఆ యుచితపు టిక్కెట్టు మిక్కిలి ఖరీదైనదని గ్రహింపవలెను. తరువాతి నెలలో సొమ్మిచ్చి ఎక్కినను తక్కువకే వచ్చినట్లు.

స్త్రీలు ప్రత్యేకముగ గమనింపవలసినవి కొన్ని కలవు. గర్భిణులు, గుండెజబ్బు, అధిక రక్తపోటు, మెడ వెన్నుల బాధ కలవారు, ఇటీవల శస్త్రచికిత్స అయినవారు ఇట్టివి ఎక్కరాదు. నెల తప్పినదేమోనన్న యనుమానమున్నను మానుట మేలు. నలుగురిలో చెప్పనక్కరలేదు, "నేడు నాకు వలదు" అన్న చాలును. జడను ముడిచి, పైట, చున్నీ గట్టిగా దోపుకొనవలెను. వ్రేలాడు గొలుసులు తీసి యుంచవలెను. 2020 అక్టోబరులో హైదరాబాదు పొలిమేరలో గోకార్టు అను చిన్న పందెపు కారు చక్రములో జుట్టు చిక్కుకొని యొక యువతి మరణించుట ఊరక చదివి మరచు వార్త కాదు. పిల్లల ఎత్తు కొలుచు గీతవద్ద "కొంచెమే గదండీ తక్కువ" అని బ్రతిమాలరాదు. ఆ గీత భుజపు కమ్మి ఏ శరీరమునకు సరిపోవునో చెప్పు గీత. కమ్మిని పనివాడు బిగించిన పిమ్మట మన చేతితో మనము పైకి త్రోసి చూడవలెను. అది కదలినచో చేయెత్తి పిలువవలెను. వెనుకనున్నవారు విసుగుకొన్నను కానిండు.

తుదకు మరియొక మాట. వినోదవనములలో ప్రతి యంత్రము చెంత నొక బల్ల యుండును. ఆ బల్లమీద అందరి సంచులు, చెప్పులు, నీళ్ళసీసాలు ఒడిలో పెట్టుకొని ఒక స్త్రీ కూర్చుండి యుండును. ఆమె యొకరి యత్తగారో, తల్లియో, పెద్దమ్మయో. మేము పోయినప్పుడు మాతో వచ్చిన పిన్నిగారు తనంతట తానే ఆ చోటు వెదకికొనెను. మా మరదలు "పిన్నిగారూ, సంచులకు అద్దె పెట్టె ఉన్నదండీ. ఒంట్లో బాగున్నచో మీరును రండి" అనెను. ఆమె "నాకెందుకే అమ్మా ఇప్పుడు" అనుచునే లేచి, చీరె కుచ్చిళ్ళు సవరించుకొని వరుసలో నిలిచినది. దిగిన పిమ్మట ఆమె అడిగిన మొదటి మాట, "మరల ఎక్కనిత్తురా?" అని.

వలదనుట ఎంత సులభమో, చూడక పొమ్మనుటయు అంతే సులభము. ఆ రెంటికి నడుమ నున్న శ్రమ తల్లులది: అడిగి, చూచి, బిగించి, పిమ్మట నవ్వుచు పంపుట. ఈ సెలవులలో మీ పిల్లలు ఎక్కడికేగినను ఆ మూడు ప్రశ్నలను వారి సంచిలో వేసి పంపుడు. వీలయినచో మీరును వెంట పొండు.