గరాజ్ తలుపుకి ఎర్ర తువ్వాలు

మా ఇంట్లో గరాజ్ తలుపుకి ఎర్ర తువ్వాలు వేలాడుతుంటే లోపలున్న మనిషిని ఎవరూ పిలవకూడదు. భోజనానికి కూడా. ఆ నియమం పెట్టింది నేనే. ఎందుకో ఈసారి కబుర్లలో చెప్తాను.

మేముండేది ఒహాయోలో. గ్రీన్ కార్డు వచ్చాక మావారికి రైఫిల్‌తో గురి చూసి కొట్టే ఆట పట్టుకుంది. ఈగని కూడా కొట్టని మనిషి! ఆఫీసు స్నేహితుడొకాయన ఎరీ సరస్సు ఒడ్డున ఉన్న క్యాంప్ పెర్రీకి తీసుకెళ్ళాడు. అక్కడ 1907 నుంచీ జాతీయ పోటీలు పెడుతున్నారు. 600 గజాల దూరం, అంటే అర కిలోమీటరు పైమాటే. అంత దూరాన పది పాయింట్ల వలయం అడ్డంగా 12 అంగుళాలు, మనం అన్నం తినే కంచమంత. ఆ కంచం ఈయన మనసులో పడిపోయింది.

"పిల్లలున్న ఇంట్లో తుపాకీ ఏమిటండీ?" అని నేను నెల్లాళ్ళు గొడవపడ్డాను. చివరికి ఒప్పందానికొచ్చాం. తుపాకీ ఇనప్పెట్టెలో, తూటాలు ఇంకో పెట్టెలో, తాళాలు వేరువేరు. ఏడాది తిరక్కుండానే, తూటాలు కూడా తనే చేసుకుంటానన్నారు.

"కొంటే దొరకవా?"

"దొరుకుతాయి. కానీ ఒక్కో తుపాకీకి ఒక్కో పాళ్ళు పడతాయి. నా దానికి కుదిరేవి నేనే చేసుకోవాలి."

పేలిన తూటాలో మిగిలేది ఇత్తడి గొట్టం. దాన్ని శుభ్రం చేసి, పాత ప్రైమర్ తీసేసి, గొట్టాన్ని మళ్ళీ కొలతకి నొక్కి, కొత్త ప్రైమర్ పెట్టి, మందు తూచి పోసి, పైన గుండు బిగిస్తారు. మందు తూచేది గ్రెయిన్లలో. పౌనుకి 7000 గ్రెయిన్లు. ఒక్క గ్రెయిన్ అంటే మన గురివింద గింజలో సగం బరువు. ఈయన అందులో పదో వంతుకి కూడా లెక్క చూస్తారు. మందు అటూ ఇటూ అయితే గుండు వేగం మారుతుంది. వేగం మారితే అంత దూరం వెళ్ళేసరికి గుండు కంచానికి పైనో కిందో తగులుతుంది.

ఆ త్రాసు ముందు కూర్చున్న మనిషిని చూస్తే మా నాన్న గుర్తొచ్చారు. దీపావళికి ముందు వసారాలో చాప వేసుకుని సూరేకారం, గంధకం, బొగ్గు, బీడు తూచి చిచ్చుబుడ్లు కూరేవారు. మేం దగ్గరికెళ్తే అమ్మ కేకలేసేది. ఇప్పుడా కేకలు నా వంతు. ప్రైమర్లలో సీసం ఉంటుంది కాబట్టి చేతులు సబ్బుతో కడుక్కోందే మావారు వంటింటి గడప తొక్కడానికి వీల్లేదు. మా అమ్మమ్మ మడి కూడా ఇంత గట్టిగా ఉండేది కాదు.

ఓ ఆదివారం మధ్యాహ్నం పప్పుచారు చల్లారిపోతోందని నేను నాలుగుసార్లు పిలిచాను. నాలుగోసారి విసుగ్గా లేచొచ్చి తినేసి వెళ్ళారు. అర్ధరాత్రి మెలకువొచ్చి చూస్తే గరాజ్‌లో దీపం వెలుగుతోంది. పొద్దున్నించీ చేసిన ముప్పైకి పైగా తూటాల్లోంచి ఒక్కొక్క గుండే పీకి తీస్తున్నారు.

"నువ్వు పిలిచినప్పుడు ఒకదాంట్లో మందు పోశానో లేదో గుర్తులేదు. గుండు బిగించాక లోపలికి కనపడదు."

"మొత్తం తూటా తూచి చూడచ్చుగా?"

"ఇత్తడి గొట్టాల బరువులే ఒక్కలా ఉండవు. ఆ తేడాని నమ్మలేం."

మందు లేని తూటా ఒక్కటి ఉన్నా, ప్రైమర్ దెబ్బకి గుండు కాస్త ముందుకెళ్ళి తుపాకీ గొట్టంలో ఇరుక్కుపోవచ్చట. అది చూసుకోకుండా ఇంకోటి పేలిస్తే తుపాకీ ఆయన మొహం దగ్గరే పగలచ్చు. నాకు కాళ్ళల్లో వణుకొచ్చింది. "ఎందుకు పిలిచావు" అని ఆయన ఒక్క మాట అనలేదు. ఇరవై ఆరో తూటాలో మందు లేదు.

మర్నాడే తువ్వాలు తగిలించాను. ఆయన కూడా పద్ధతి మార్చారు. అన్ని గొట్టాల్లోనూ మందు పోశాక టార్చి వేసి వరసగా చూసుకుని, అప్పుడే గుండ్లు బిగిస్తున్నారు.

తుపాకీ అంటే నాకింకా ఇష్టం లేదు. కానీ భయపడి ఊరుకుంటే సరిపోదని తెలిసింది. మా పిల్లలతో ఆడుకోవడానికి వచ్చే పిల్లల అమ్మలకి ముందే చెప్తాను, మా ఇంట్లో తుపాకీ ఉంది, తాళంలో ఉంది అని. మా పిల్లలు వెళ్ళే ఇళ్ళల్లోనూ అడుగుతాను. మొదట్లో నోరు పెగిలేది కాదు. ఇప్పుడు వేరుశెనగ అలర్జీ ఉందా అని అడిగినంత తేలిగ్గా అడిగేస్తున్నాను. మీరూ అడగండి, ఎవరూ తప్పుగా అనుకోరు.

ఇంకోమాట. హెచ్1, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళకి ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం, కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకీయే కాదు తూటా దగ్గర పెట్టుకోవడం కూడా నేరమే. సరదాకి ఎవరో ఇచ్చారని మీ తమ్ముడో మరిదో ఇంటికి తెస్తే వెంటనే వెనక్కి ఇప్పించేయండి.

తువ్వాలు ఇప్పుడు కూడా వేలాడుతోంది. పప్పుచారు మళ్ళీ వేడిచేసుకోవచ్చులెండి.