శాలువాలు తీసేస్తే మన నివాళిలో మిగిలేదెంత?

మొన్న శనివారం రాత్రి పాత హార్డ్‌డిస్కు సర్దుతుంటే 'కాన్సర్ట్ ఫర్ జార్జ్' కనబడింది. ఇంజనీరింగు రెండో ఏడాదిలో హాస్టల్ సీనియర్ దగ్గర కాపీ చేసుకున్నది. (పైరసీయే, ఒప్పుకుంటున్నా. ఉద్యోగం వచ్చాక డబ్బులిచ్చి కొన్నాను లెండి.) రెండు పాటలు చూసి పడుకుందాం అనుకున్నవాణ్ణి, మొత్తం చూసి, నిద్ర పట్టక కూర్చున్నాను. సంతోషంతో కాదు, ఒళ్ళు మండి. ఎవరి మీదో తర్వాత చెప్తాను.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్ 2001 నవంబరు 29న క్యాన్సర్‌తో పోయాడు. సరిగ్గా ఏడాదికి, 2002 నవంబరు 29న, లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో ఆయన భార్య ఒలీవియా, కొడుకు ధని, స్నేహితుడు ఎరిక్ క్లాప్టన్ కలిసి కచేరీ పెట్టారు. (కొడుక్కి ఆ పేరు మన ద, ని స్వరాలు కలిపి పెట్టిందే.) 2003లో అది సినిమాగానూ డీవీడీగానూ వచ్చింది, 2005లో గ్రామీ కూడా కొట్టింది.

హాస్టల్లో చూసినప్పుడు మేం చేసిన ఘనకార్యం ఏంటంటే, మొదటి భాగం మొత్తం ఫార్వర్డ్ కొట్టేశాం. అందులో ఉన్నది రవిశంకర్ ఆ రోజు కోసమని ప్రత్యేకంగా స్వరపరిచిన 'అర్పణ్'. అనౌష్క నడిపించింది. "సితారూ తబలా మనింట్లోవే కదరా, గిటార్ ఎక్కడ మొదలవుద్దో అక్కడికి పోనీ" అన్నది నేనే. ఈసారి వదలకుండా చూశా. ఇరవై ఒక్క ఏళ్ళ అమ్మాయి చెయ్యి ఊపుతుంటే, ప్రపంచమంతా నెత్తిన పెట్టుకున్న క్లాప్టన్ ఆ వాద్యబృందంలో ఒకడై తన వంతు గిటార్ వాయించాడు. హాలంతా నిశ్శబ్దంగా విన్నది. విజయనగరంలో చదువుకున్నవాణ్ణి, నాకు ఓపిక లేకపోయిన చోట వాళ్ళకి ఉంది.

ఇంకో సంగతి. పాల్ మెకార్ట్‌నీ ఉన్నాడు, రింగో స్టార్ ఉన్నాడు. మన లెక్కలో వాళ్ళకి రెండు సింహాసనాలు వెయ్యాలి, అరగంట ఉపన్యాసం ఇప్పించాలి. అక్కడేమో క్లాప్టన్ లీడ్ వాయిస్తుంటే మెకార్ట్‌నీ పియానో ముందు, రింగో డ్రమ్స్ వెనక. 'సమ్‌థింగ్' పాటని మెకార్ట్‌నీ చిన్న ఉకులేలీ మీద మొదలుపెట్టాడు. ఎందుకంటే జార్జ్ ఇంటికి భోజనానికెళ్తే తర్వాత ఉకులేలీలు బయటికొచ్చేవిట, అదీ సంగతి. ధని దాదాపు కచేరీ అంతా స్టేజి మీదే ఉన్నాడు, గుంపులో ఒక గిటార్ పట్టుకుని. వారసుడొచ్చాడు, చప్పట్లు కొట్టండి అనే గోల లేదు. మధ్యలో మాంటీ పైథాన్ వాళ్ళొచ్చి నవ్వించి పోయారు. వాళ్ళ సినిమాకి డబ్బు పెట్టడానికి ఇల్లు తాకట్టు పెట్టినవాడు జార్జ్. మాటలు అసలు లేవని కాదు, ఉన్నాయి. నిమిషాల్లో ముగించారు. మనిషి గురించి చెప్పాల్సిందంతా వాయించి చెప్పారు.

ఇప్పుడు మన సంగతికొద్దాం.

2022లో ఘంటసాల శతజయంతి. విజయనగరంలో చదువుకుని ఐటీలో స్థిరపడ్డ వాళ్ళం ఓ పదిమందిమి కలిసి అక్కడే ఓ సాయంత్రం సంగీత విభావరి పెట్టాం. లెక్కల ఎక్సెల్ షీటు నా దగ్గరుండేది. వైలిన్, తబలా, ఫ్లూటు, కీబోర్డు, డోలక్, ఐదుగురికి పారితోషికాలు, మూడ్రోజుల రిహార్సల్‌కి హాలు అద్దె... ఆ వరసలన్నీ చూసి "కరోకే ట్రాకులు పెట్టేద్దాం, సౌండు ఇంకా ఒరిజినల్‌లా ఉంటది" అని తీర్మానించింది ఎవరో కాదు, నేను. ఆప్టిమైజేషన్ అన్నాను దాన్ని. మిగిలిన డబ్బుతో ఎల్ఈడీ స్క్రీను, ఫ్లెక్సీలు, మెమెంటోలు, శాలువాలు.

అయ్యకోనేరు గట్టు దగ్గర ఒక వైలిన్ మాస్టారు ఉన్నారు. నా చిన్నప్పుడు పైడితల్లి పండగ రోజుల్లో ఆర్కెస్ట్రాల్లో వాయించేవారు. ఆయన్ని పిలిచి శాలువా కప్పాం. అవును, వాయించే మనిషిని పిలిచి, వాయించనివ్వకుండా శాలువా కప్పి పంపాం. వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగారు.

"బాగుంది బాబూ. శాలువా మెత్తగుంది. ఇదేటి, నాలుగోదో ఐదోదో. ఈమధ్య వైలిన్ పెట్టి తీయడమే నేదు, శాలువాలే వస్తన్నాయి."

ఆయన వెటకారం చెయ్యలేదు. అదే నన్ను ఎక్కువ పొడిచింది.

మొన్న జార్జ్ కచేరీ అయ్యాక, తెల్లవారుజామున ఆ మా వీడియో కూడా తీసి చూశాను. మూడు గంటల పైన ఉంది. జ్యోతి ప్రజ్వలన, ముఖ్య అతిథి, ఆత్మీయ అతిథి, విశిష్ట అతిథి, వందన సమర్పణ. పాటలున్నాయి, బాగానే పాడారు. కానీ ఆ స్టేజి మీద ఒక్క తీగ మోగలేదు, ఒక్క చర్మం మీద దెబ్బ పడలేదు. ఎవరో ఎక్కడో చేసిన ట్రాకు. వాళ్ళ పేరు కూడా మాకు తెలీదు.

పైగా ఇది ఎవరి పేరున? ఘంటసాల కాలంలో సినిమా పాటంటే గాయకుడూ వాద్యబృందమూ కలిసి కూర్చుని రికార్డు చెయ్యాల్సిందే. తబలా తప్పితే గాయకుడు కూడా మొదటినుంచి పాడాలి. అలా పుట్టిన పాటలకి, వాయించేవాళ్ళని తీసేసి నివాళి ఇచ్చాం మేము. ఆయన విజయనగరం వచ్చింది కరోకే నేర్చుకోవడానికి కాదు. మధూకరం ఎత్తుకుని, పట్రాయని సీతారామశాస్త్రి గారి శిష్యరికంలో గొంతు అరగదీసుకోవడానికి. 1919లో మహారాజా వారు పెట్టిన సంగీత కళాశాల ఉన్న ఊరు అది. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాలు, ఆ తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడు. ద్వారం వారి ఊళ్ళో వైలిన్ మాస్టారికి పని లేకుండా చేసి, ఘంటసాలకి దండ వేశాం. ఒళ్ళు మండింది ఎవరి మీదో ఇప్పుడు అర్థమైందనుకుంటా.

"అది లండన్ గురూ, వాళ్ళకి డబ్బుంది" అంటారు. నేనూ అన్నాను. ఇప్పుడు ఆ షీటు మళ్ళీ తెరిచి చూశా. మేం పెట్టిన ఎల్ఈడీ స్క్రీను అద్దె, అడిగిన ఐదుగురిలో ముగ్గురి పారితోషికం కన్నా ఎక్కువ. శాలువాలూ మెమెంటోలూ కలిపితే మిగతా ఇద్దరూ వచ్చేస్తారు. డబ్బు లేక కాదండీ, వాయించేవాడు మన కంటికి ఖర్చులా కనబడ్డాడు, శాలువా కప్పే ఫోటో ఆదాయంలా కనబడింది. క్లయింటు దగ్గర మనల్ని "రిసోర్స్" అన్నప్పుడు ఒళ్ళు మండే మనమే, వైలిన్ మాస్టార్ని ఎక్సెల్‌లో ఒక వరసగా చూసి డిలీట్ కొట్టాం.

"జనం పాట కోసం వస్తారు, వైలిన్ కోసం రారు" అనేది రెండో వాదన. ఇందులో కొంత నిజముంది. కానీ జనానికి ఏది అలవాటు చేస్తే అదే అడుగుతారు. హాస్టల్లో సితార్ ఫార్వర్డ్ కొట్టింది కూడా జనమే, అంటే నేనే.

చివరగా, నన్ను కుదిపిన సంగతి. ఆ లండన్ కచేరీలో కీబోర్డు వాయించి పాడిన బిల్లీ ప్రెస్టన్ 2006లో పోయాడు. రవిశంకర్ 2012లో. టామ్ పెట్టీ 2017లో. జార్జ్ కోసం తీసిన రికార్డింగు ఇప్పుడు వాళ్ళందరి జ్ఞాపకం కూడా అయింది, ఎందుకంటే ఆ రాత్రి వాళ్ళ సంగీతం మోగింది, అది దొరికింది. మరి మా వీడియోలో? రేపు మాస్టారికేమైనా అయితే, ఆయన మనవలకి చూపించడానికి మా దగ్గరున్నది ఆయన శాలువా కప్పుకున్న ఇరవై సెకన్లు. ఆయన కమాను ఒక్కసారి కూడా లేదు.

అందుకని ఆదివారం ఆయనకి ఫోన్ చేశాను. డిసెంబరు 4 ఘంటసాల జయంతికి ఐదే పాటలు, ట్రాకులు లేకుండా, వారం రిహార్సల్. వాయించేవాళ్ళ పేర్లు ఫ్లెక్సీ మీద పాడేవాళ్ళ పేర్లంత సైజులో. ప్రతి వాద్యానికీ వేరే మైకు, వేరే రికార్డింగు. ఆ చివరి పని మన ఐటీ వాళ్ళకి బాగానే చేతనవును.

మాస్టారు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "తీగలు మార్చాల బాబూ, పాతవైపోనాయి" అన్నారు.

తీగలు కొరియర్ చేశాను. ఆ రోజుకి ఊళ్ళో ఉండేవాళ్ళు రండి. చందా ఇస్తే తీసుకుంటాం. శాలువాలు మాత్రం తేకండి.