పసుపు మంచిదే, మరి దాని వాహనమేది?

గత మాసం ఒక గృహిణి మా వైద్యశాలకు వచ్చారు. రొమ్ములో గడ్డ కనిపించి ఎనిమిది నెలలైనదట. ఆసుపత్రికి పోక, నిత్యం పరగడుపున పసుపు ముద్ద మింగుతూ కాలం గడిపారు. "పసుపుతోనే క్యాన్సరు మందు చేస్తున్నారట కదా, డాక్టరుగారూ!" అన్నారు. ఈ భ్రమను తొలగించడం నా ధర్మమని భావిస్తున్నాను.

పసుపులోని కర్క్యుమిన్ ప్రయోగశాలలో క్యాన్సరు కణాలను అణచుట నిజమే. కాని అది నీటిలో కరగదు. ప్రేగులు గ్రహించేది స్వల్పం. ఆ కొద్దిభాగాన్ని కూడ కాలేయం త్వరగా మార్చి వెలికి పంపుతుంది. ఇక కణితిని చేరేదెంత?

గురుకులంలో మా గురువుగారు అనుపానం చెప్పనిదే ఔషధం ఇవ్వనిచ్చేవారు కారు. మందు ఎంత ముఖ్యమో దానిని చేరవేసే వాహనమూ అంత ముఖ్యం. 1998లో బెంగుళూరు పరిశోధకులు 2 గ్రాముల కర్క్యుమిన్‌కు మిరియాలలోని పైపరిన్ 20 మిల్లీగ్రాములు జతచేయగా, రక్తంలో చేరిన కర్క్యుమిన్ సుమారు 20 రెట్లు పెరిగింది. అయినను రక్తంలో చేరుట వేరు, కణితిని నశింపజేయుట వేరు.

నేటి నానో విధానం ఈ వాహనాన్వేషణయే. నానోమీటరు అనగా మీటరులో నూరుకోట్లవ వంతు. పసిఫిక్ యూ అనే చెట్టు బెరడులో లభించిన పాక్లిటాక్సెల్ కూడ నీటిలో కరగదు. ఆముదం నుండి చేసిన ద్రావకంలో కలిపి ఎక్కించగా కొందరికి తీవ్రమైన ఎలర్జీ కలిగేది. దానినే ఆల్బుమిన్ అనే ప్రోటీనుతో కూర్చి, సుమారు 130 నానోమీటర్ల రేణువులుగా చేసిన మందును 2005లో అమెరికా ప్రభుత్వం రొమ్ము క్యాన్సరుకు ఆమోదించింది. మూలిక ఒకటే, వాహనం మారింది. నానో కర్క్యుమిన్ మాత్రం ఇంకను పరిశోధనలోనే ఉన్నది.

"మన భస్మాలే నానో మందులు" అని మాలో కొందరు గర్విస్తున్నారు. రేణువు సూక్ష్మమైనంత మాత్రాన కణితిని చేరునని ఋజువు కాదు. కొలిచి, పరీక్షించి, రోగులపై నిరూపించిననాడే గర్వించుట మనకు శోభ.

కనుక గృహిణులకు నా మనవి. పసుపును కూరలో, పాలలో యథావిధిగా వాడండి. అది ఆహారం, క్యాన్సరుకు చికిత్స కాదు. గడ్డ కనిపించిన వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. కీమోథెరపీ పొందుతున్నవారు పసుపు, మిరియాల మాత్రలను తమ వైద్యునికి చెప్పక వాడరాదు. ఇతర మందుల ప్రభావాన్ని అవి మార్చగలవు.

ఆ గృహిణిని నేను ఆ రోజే క్యాన్సరు ఆసుపత్రికి పంపాను. పోయిన ఎనిమిది నెలలను మాత్రం తిరిగి ఇవ్వగల మూలిక నా వద్ద లేదు.