వెలుగు ఎంత త్వరగా ఆరాలి?

సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) కార్ఖానాల్లో, కోరుట్లలో ఆడవాళ్లు బీడీలు చుట్టే ఇళ్లలో, జగిత్యాల కళాశాలల్లో ఇవాళ ఎక్కువగా వెలుగుతున్నది ఎల్‌ఈడీ దీపమే. 2015 జనవరిలో కేంద్రం ఉజాలా పథకం ప్రారంభించిన తర్వాత దేశంలో 36 కోట్లకు పైగా ఎల్‌ఈడీ బల్బులు పంపిణీ అయ్యాయి. ఆ దీపం వెలుతురుతో పాటు ఇంటర్నెట్‌నూ మోసుకొస్తుందని ఎడిన్‌బరో ఆచార్యుడు హెరాల్డ్ హాస్ 2011లో ఒక టేబుల్ ల్యాంపుతో చేసి చూపించారు. లైఫై అనే పేరూ ఆయన పెట్టిందే. ఇన్నేళ్లు గడిచినా అది మన ఇళ్లకు రాలేదు. ఫోన్లలో తగిన సెన్సర్లు లేకపోవడం, ఫోన్ నుంచి తిరిగి కాంతిని పంపాల్సి రావడం, కాంతి గోడను దాటకపోవడం అందుకు కారణాలని అందరూ చెబుతారు. అవన్నీ నిజమే. కానీ అసలు చిక్కు దీపంలో పూసిన పొడిలో ఉంది. దాని గురించి మాట్లాడేవాళ్లే తక్కువ.

కాంతితో సమాచారం పంపడం కొత్త ఆలోచనేమీ కాదు. గ్రాహంబెల్ 1880లోనే సూర్యకాంతి మీద మాటను పంపాడు. ఎల్‌ఈడీ వచ్చాక అదే పనిని సెకనుకు లక్షలసార్లు చేసే వీలు చిక్కింది. దీపాన్ని అంత వేగంగా హెచ్చిస్తూ తగ్గిస్తూ ఉంటే కంటికి నిలకడగా వెలుగుతున్నట్టే కనిపిస్తుంది. ఎదురుగా ఉన్న ఫోటోడయోడ్ మాత్రం ప్రతి మార్పునూ పట్టుకుంటుంది. పాత ఫిలమెంటు బల్బు ఈ పనికి పనికిరాదు. తీగ చల్లబడేలోపే తర్వాతి సంకేతం వచ్చేస్తుంది.

ఎల్‌ఈడీకీ ఇలాంటి అడ్డంకి ఒకటి ఉంది. మనం కొనే తెల్లదీపం లోపల ఉన్నది నిజానికి నీలిదీపం. ఆ నీలి ఎల్‌ఈడీని కనిపెట్టినందుకే అకసాకి, అమనో, నకమురాలకు 2014లో నోబెల్ వచ్చింది. గాలియం నైట్రైడ్ చిప్ మీద సీరియం కలిపిన యాగ్ అనే పసుపు ఫాస్ఫర్ పొడి పూస్తారు. నీలికాంతిలో కొంత ఈ పొడిలో పసుపుగా మారుతుంది. రెండూ కలిసి మన కంటికి తెలుపు అవుతాయి. చిప్‌ను ఆర్పినంత మాత్రాన ఆ పొడి వెంటనే ఆరదు. పొయ్యి ఆర్పినా పెనం కాసేపు వేడిగా ఉన్నట్టు, అరవై డెబ్బై నానోసెకన్ల పాటు వెలుగు విడుస్తూనే ఉంటుంది. వెలుతురు కోసమైతే దీనితో ఏ ఇబ్బందీ లేదు. సమాచారానికి మాత్రం ఇదే గుదిబండ. దీపం వేగం రెండు మూడు మెగాహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. అందుకే అందుకునే వైపు నీలి ఫిల్టరు పెట్టి పసుపు కాంతిని అడ్డుకుంటారు. అంటే గదికి వెలుతురునిచ్చే కాంతిలో పెద్ద భాగం సమాచారానికి పనికిరాకుండా పోతోంది.

కాబట్టి త్వరగా ఆరిపోయే పొడి కావాలి. సీసియం, సీసం, బ్రోమిన్ కలిసిన పెరోవ్‌స్కైట్ నానో స్ఫటికాలు కొద్ది నానోసెకన్లలోనే ఆరిపోతాయి. 2016లో సౌదీ అరేబియాలోని కౌస్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వీటిని నీలి లేజర్‌తో వెలిగించి, 491 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్‌తో సెకనుకు 2 గిగాబిట్ల వేగం సాధించారు. ఆ విశ్వవిద్యాలయం జెడ్డాకు దగ్గర్లో ఎర్రసముద్రం ఒడ్డున తువల్‌లో ఉంది. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్లల నుంచి ఏళ్లుగా మన యువకులు కూలికి వెళ్తున్న దేశమది. అక్కడి ప్రయోగశాలలకు కూడా మన పిల్లలు వెళ్లే రోజు రావాలని గట్టిగా కోరుకుంటాను.

కాంతినిచ్చే పదార్థాల విద్యలో మనవాళ్లకు పట్టు లేదని అనుకోవద్దు. తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఎస్. బుద్ధుడు, సి.కె. జయశంకర్ వంటి భౌతికశాస్త్ర ఆచార్యులు రేర్ ఎర్త్ మూలకాలు కలిపిన గాజుల కాంతి గుణాలపై దశాబ్దాల పాటు పనిచేశారు. ఈ రంగంలో పరిశోధన పత్రాలకూ మనకు కొదవ లేదు. అయితే చాలా పత్రాల దృష్టి రంగు మీదే ఉంటుంది. ఎరుపు ఎంత ముదురు, తెలుపు ఎంత స్వచ్ఛం అన్న లెక్కలతో అవి ముగుస్తాయి. ఆరే కాలాన్ని కొలిచినా, ఆ పదార్థం ఎన్ని మెగాహెర్ట్జ్‌ల సమాచారాన్ని మోయగలదో తేల్చడం అరుదు. రేర్ ఎర్త్ మూలకమైన యూరోపియం ఇచ్చే ఎరుపునే తీసుకోండి. దీపానికి అది అద్భుతమైన రంగు. కానీ ఆరడానికి దాదాపు ఒక మిల్లీసెకను తీసుకుంటుంది. అంటే సీరియం పసుపు కంటే సుమారు పదిహేను వేల రెట్లు నెమ్మది. రంగు పరీక్షలో మొదటి ర్యాంకు తెచ్చుకున్న పదార్థం వేగం పరీక్షలో తప్పిపోతుంది. రెండో పరీక్ష పెట్టకుండా సమాచార దీపాల గురించి మాట్లాడి లాభం లేదు.

ఇంకో మాట సూటిగా చెప్పాలి. గల్ఫ్‌లో ఉన్న భర్తతో వీడియోకాల్ మాట్లాడే ఇల్లాలికి కావలసింది లైఫై కాదు. ఇంటిదాకా వచ్చే ఫైబరూ, మంచి సిగ్నలూ కావాలి. మిషన్ భగీరథ తాగునీటి పైపుల వెంట టీ-ఫైబర్ వేసిన ఉద్దేశం అదే. ఆ పని పూర్తి చేయకుండా బల్బుతో ఇంటర్నెట్ ఇస్తామని ఎవరైనా చెబితే నమ్మకండి. 2023లో వచ్చిన లైఫై ప్రమాణం 802.11బీబీ కూడా కంటికి కనిపించని పరారుణ కాంతినే ఎంచుకుంది. కనిపించే కాంతికి వేరే చోట్ల విలువ ఉంది. రేడియో తరంగాలు వద్దనుకునే ఆసుపత్రి గదులకు, గోడ దాటి సమాచారం బయటికి పోకూడని కార్యాలయాలకు, యంత్రాలను గమనించాల్సిన కార్ఖానాలకు అది పనికొస్తుంది.

మన ప్రాంతం చేయగల అసలైన పని ఈ పొడుల మన్నికను పరీక్షించడం. పెరోవ్‌స్కైట్‌కు వేడి, తేమ పడవు. అందులోని సీసం విషం. వేసవిలో 45 డిగ్రీలు దాటే జగిత్యాలలో, దూది నుసి గాలిలో తేలే సాంచాల కార్ఖానాలో ఏ పొడి ఎన్ని నెలలు నిలుస్తుందన్నది చల్లటి ప్రయోగశాలలో తేలే విషయం కాదు. జేఎన్‌టీయూహెచ్ ఇంజినీరింగ్ కళాశాలలు జగిత్యాల జిల్లా నాచుపల్లిలో 2007 నుంచి, సిరిసిల్ల దగ్గర అగ్రహారంలో 2021 నుంచి ఉన్నాయి. 1970 నుంచి వినియోగదారులే సభ్యులుగా నడుస్తున్న సహకార విద్యుత్ సంఘం సెస్ సిరిసిల్లకు సొంతం. ఒక ఎల్‌ఈడీ, ఒక ఫోటోడయోడ్, చిన్న ఆంప్లిఫయరుతో పాటను కాంతి మీద పంపే ప్రయోగం డిగ్రీ పిల్లలు కూడా చేయగలరు. దాంతో మొదలుపెట్టి, ఫాస్ఫర్ నమూనాలను కార్ఖానా పైకప్పు కింద ఏడాది పాటు వేలాడదీసి, నెలనెలా వాటి వెలుగునూ వేగాన్నీ కొలవడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. నమూనాలను గాజులో మూసి పెడితే సీసం భయమూ తగ్గుతుంది. పొడులు తయారుచేసే విశ్వవిద్యాలయాలు నమూనాలు ఇవ్వాలి, సెస్ చోటు చూపాలి, కళాశాలలు కొలతలు తీయాలి. వచ్చే విద్యా సంవత్సరం ప్రాజెక్టుల జాబితాలోనే దీన్ని చేర్చాలని ఈ రెండు కళాశాలల అధ్యాపకులను కోరుతున్నాను.