కొమ్ములో ఉన్నదానికి ధర కట్టండి

ఈ మధ్య ఏ మందుల షాపుకు పోయినా పసుపు క్రీములు ఒక అర నిండా కనిపిస్తున్నాయి. ముఖానికొకటి, మచ్చలకొకటి, కీళ్ళ నొప్పులకొకటి. ఆ చిన్న ట్యూబు ధరనూ కిలో కొమ్ముకు మన చేతికొచ్చే ధరనూ పక్కపక్కన పెట్టి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. అయితే కంపెనీలను నాలుగు తిట్లు తిట్టి ఊరుకోవడానికి ఇది రాయడం లేదు. మన పంట ఆ ట్యూబులోకి ఎట్లా పోతుందో తెలిస్తే, మనం ఏం అడగాలో తెలుస్తుంది. అందుకే రాస్తున్నాం.

పసుపుకు రంగునిచ్చేది, మందుగా పేరు తెచ్చింది కర్క్యుమిన్ అనే పదార్థం. అది నీళ్ళలో దాదాపు కరగదు. మన చర్మం పై పొర ఇటుక గోడ లాంటిది. చచ్చిన కణాలు ఇటుకలైతే, వాటి మధ్య సిమెంటులా ఉండేది కొవ్వు. ఆ కొవ్వు నీళ్ళను ఆపుతుంది. నూనెలో కరిగే వాటికి మాత్రం దానిలోంచే కొంత దారి దొరుకుతుంది. పసుపును నీళ్ళలో కలిపి రాస్తే రంగు పైన అంటుకుంటుందే తప్ప లోపలికి పోయేది చాలా తక్కువ. మన తల్లులు పసుపును నువ్వుల నూనెలో కలిపి రాసిన పద్ధతిలో తెలివి ఉంది.

కంపెనీలు చేసేది దీనికి తర్వాతి మెట్టు. కర్క్యుమిన్‌ను నూనెలో కరిగించి, ఆ నూనెను నీళ్ళలో సన్నటి బొట్లుగా చీలుస్తారు. బొట్లు మళ్ళీ ఒకటిగా కలవకుండా సబ్బు లాంటి పదార్థం కలుపుతారు. దీనినే ఎమల్షన్ అంటారు. బొట్టును కంటికి కనిపించనంత చిన్నది చేస్తే నానో ఎమల్షన్. బొట్టు ఎంత చిన్నదైతే చర్మాన్ని అంత ఎక్కువ మేర తాకుతుంది. సబ్బు పదార్థం ఆ కొవ్వు పొరను కాస్త వదులు చేస్తుంది. మందు లోపలికి దిగుతుంది.

ఇది మనకు తెలియని విద్య కాదు. వేపనూనె కొట్టేటప్పుడు సబ్బు కలపకపోతే నూనె పైన తేలిపోతుందని ప్రతి రైతుకూ తెలుసు. ఇ.సి. అని రాసి ఉన్న పురుగుమందు నీళ్ళలో పోస్తే పాలలా తెల్లబడుతుంది. అదీ ఎమల్షనే. పసుపును లోపలికి తీసుకుపోయే దారి విషాన్నీ తీసుకుపోతుంది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాళ్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. విషం ఊపిరితోనే కాదు, తడిసిన చర్మం నుంచీ ఒంట్లోకి పోతుంది. చేతి తొడుగులు లేకుండా మందు కలపొద్దని సంఘం పదే పదే చెప్పేది ఇందుకే.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. చర్మంలోకి దిగినంత మాత్రాన రోగం తగ్గినట్టు కాదు. ఈ పరిశోధనల్లో చాలావరకు పంది చెవి చర్మం మీదో, ఎలుక చర్మం మీదో జరిగినవి. పైగా సౌందర్య సాధనాల లేబుల్ మీద ఒక శాతానికి మించిన సరుకులనే ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి. ఒక శాతం లోపువి చివర్లో ఏ వరుసలోనైనా రాయొచ్చు. డబ్బా మీద పసుపు కొమ్ము బొమ్మ పెద్దగా ఉన్నంత మాత్రాన లోపల పసుపు అంత ఉందని అనుకోకండి.

ఇక మన సంగతికి వద్దాం. ఆ క్రీముకు కావాల్సింది కొమ్ము కాదు, కొమ్ములోని కర్క్యుమిన్. భారత సుగంధ ద్రవ్యాల పరిశోధనా సంస్థ ఇచ్చిన ప్రతిభ రకంలో అది 6 శాతం దాకా, ప్రగతి రకంలో 5 శాతం దాకా ఉంటుంది. చాలా నాటు రకాల్లో అందులో సగమే ఉంటుంది. అంటే క్వింటా ఎండు పసుపులో ఒకరి దగ్గర 3 కిలోల సరుకుంటే, ఇంకొకరి దగ్గర 5, 6 కిలోలుంటుంది. సారం తీసే ఫ్యాక్టరీ ఈ లెక్క చూసే కొంటుంది. అక్కడ పరీక్ష లేకుండా బస్తా దిగదు. మరి మేం పసుపు తీసుకుపోయే యార్డులో ఏం జరుగుతోంది? ఖరీదుదారు కొమ్మును విరిచి చూస్తాడు, రంగు చూస్తాడు, తేమ ఉందంటాడు, ధర చెప్తాడు. 3 శాతం పసుపూ 5 శాతం పసుపూ ఒకే కుప్ప, ఒకే ధర. ఆ తేడా ఎవరి జేబులోకి పోతుందో వేరే చెప్పాలా?

తొమ్మిది నెలల పంట ఇది. విత్తనం ఖర్చే నడుము విరుస్తుంది. తవ్వి, ఉడకబెట్టి, ఎండబెడితే 100 కిలోల పచ్చి పసుపుకు చేతికొచ్చేది 20 కిలోల పైచిలుకు. ఇంత చేసి, సరుకులోని అసలు విలువ తెలియకుండానే అమ్ముకుంటున్నాం.

పసుపు మీద హక్కు కోసం దేశం ఒకసారి కొట్లాడి గెలిచింది. 1995లో అమెరికాలో మిసిసిపీ యూనివర్సిటీ వైద్య కేంద్రానికి గాయాలు మాన్పడానికి పసుపు వాడకంపై పేటెంట్ ఇచ్చారు. మన సి.ఎస్.ఐ.ఆర్. పాత గ్రంథాలు, పత్రికలు సాక్ష్యంగా పెట్టి సవాలు చేస్తే 1997లో అది రద్దయింది. మంచిదే. కానీ ఆ గెలుపుతో రైతు ధర ఒక్క రూపాయి పెరగలేదు.

జీవవైవిధ్య చట్టం మనకు వాటా ఇస్తుందని కొందరు ఆశపెట్టుకున్నారు. 2002 నాటి ఆ చట్టం ప్రకారం దేశీయ కంపెనీలు కూడా వాటా చెల్లించాల్సిందేనని 2018 డిసెంబరులో ఉత్తరాఖండ్ హైకోర్టు తీర్పు చెప్పింది. తర్వాత 2023లో చట్టాన్ని సవరించి, సాగు చేసిన ఔషధ మొక్కలకు మినహాయింపు ఇచ్చారు. కాబట్టి పొలంలో పండిన పసుపుకు ఆ దారిలో ఏదో వస్తుందని ఎదురుచూడటం దండగ. మనకు రావాల్సింది యార్డులో, ధరలోనే రావాలి.

2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్‌లో 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేసి పసుపు గోస దేశానికి వినిపించారు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది. బోర్డు కావాలని అడిగింది మనమే. ఇప్పుడు దానితో పని చేయించుకోవాల్సిందీ మనమే. మేం అడిగేవి ఇవి.

ప్రతి పసుపు యార్డులో కర్క్యుమిన్ పరీక్ష పెట్టాలి. ఫలితం వేలానికి ముందే రైతు చేతికి చీటీ మీద రావాలి. ఖర్చు రైతు మీద వేయొద్దు.

ఒక మామూలు శాతానికి మద్దతు ధర ప్రకటించి, పైన ప్రతి శాతానికి ఇంత అని ధర కలపాలి. చెరకుకు రికవరీ లెక్క ఉన్నప్పుడు, పాలకు వెన్న శాతం లెక్క ఉన్నప్పుడు పసుపుకు ఎందుకు ఉండకూడదు?

ఎక్కువ శాతం ఉన్న రకాల విత్తనం రైతు సంఘాలకు సబ్సిడీపై ఇవ్వాలి. ఉడకబెట్టే, ఎండబెట్టే, నిల్వ చేసే ఏర్పాటు మండలానికొకటి కావాలి. సారం తీసే ఫ్యాక్టరీ మన చేతిలో పని కాదు. పరీక్ష చీటీతో సరుకును నేరుగా ఆ ఫ్యాక్టరీకి అమ్ముకోవడం మన చేతిలో పనే.

మన వైపు తప్పులూ సరిదిద్దుకోవాలి. మేలు రకాన్నీ నాసి రకాన్నీ ఒకే కుప్పలో పోయొద్దు. పాలిష్‌లో రంగు కలపొద్దు. ఒంటికి రాసే సరుకులో పురుగుమందు అవశేషం ఉంటే ఎవరూ కొనరు, కొనకూడదు కూడా. కర్క్యుమిన్ వెలుతురుకు చెడిపోతుంది కాబట్టి ఎండిన సరుకును చీకటి గదిలో నిల్వ చేయాలి.

ఈ సీజన్ పసుపు యార్డుకు రాకముందే ప్రతి గ్రామ శాఖ మీటింగు పెట్టి, పరీక్ష యంత్రం కోసం మార్కెట్ కమిటీకి వినతిపత్రం ఇవ్వాలి. కంపెనీవాడు కొలిచి కొంటున్నాడు. మనమూ కొలిచే అమ్ముదాం.