మంత్రివర్గ మెవరిది?

ప్రజలు ఒక నాయకుని రెండవమారు గెలిపించినపుడు ఆయన పాతమంత్రులలో కొందరిని విడిచి క్రొత్తవారిని చేర్చుకొనుట వింత కాదు. మొదటి పాలనాకాలములో ఎవరి సామర్థ్య మేపాటిదో తేలియుండును. అలసినవారు తప్పుకొనుటయు, ఓడినవారు తొలగుటయు, ఉత్సాహవంతులు వచ్చుటయు పాలనకు మేలే. కాని ఆ మార్పు ఎవరికొఱకు జరుగుచున్నది? ఎంత కాలమునకు జరుగుచున్నది? దాని కారణము ప్రజలకు తెలియుచున్నదా? ఈ ప్రశ్నలు మంత్రుల పేర్ల పట్టికకంటె ముఖ్యమైనవి. తెలంగాణమున 2018–19లో జరిగిన ఉదంతము వీనిని మన ముందుంచినది. వీనికి నేటికిని సమాధానము రాలేదు.

2018 సెప్టెంబరు 6వ తేదీన శాసనసభ గడువునకు ముందే రద్దయ్యెను. డిసెంబరు ఎన్నికలలో తెలంగాణ రాష్ట్ర సమితి 119 స్థానములలో 88 గెలుచుకొనెను. డిసెంబరు 13న శ్రీ కల్వకుంట్ల చంద్రశేఖరరావుగారు రెండవసారి ముఖ్యమంత్రిగా ప్రమాణము చేసిరి. వారితోపాటు ప్రమాణము చేసిన మంత్రి యొక్కరే, శ్రీ మహమూద్ అలీగారు. 2019 ఫిబ్రవరి 19న మరి పదిమంది చేరిరి. వారిలో నలుగురు పాతవారు, ఆర్గురు క్రొత్తవారు. తక్కిన ఆరుస్థానములు సెప్టెంబరు 8న గాని నిండలేదు.

ఓరుగల్లు సీమ ఈ మార్పును దగ్గరనుండి చూచినది. ఉపముఖ్యమంత్రిగా విద్యాశాఖను నిర్వహించిన శ్రీ కడియం శ్రీహరిగారికి క్రొత్త మంత్రివర్గమున చోటు దొరకలేదు. ములుగున ఓడిపోయిన శ్రీ అజ్మీరా చందూలాల్ గారును తొలగిరి. 1994లో మొదటిసారి శాసనసభకు ఎన్నికై, 2016లో తెలుగుదేశమును వీడి అధికారపక్షమున చేరిన పాలకుర్తి శాసనసభ్యులు శ్రీ ఎర్రబెల్లి దయాకరరావుగారు పంచాయతీరాజ్ మంత్రియైరి. పాలకుర్తి సంతోషించినది. తన ప్రతినిధికి గౌరవము దక్కినపుడు ఏ యూరు సంతోషింపదు? ఆ సంతోషమును మేము తప్పుపట్టము.

అయితే ఆ పదవి అంతకుముందు 68 దినములు ఖాళీగా నుండెనన్న మాట మరువరాదు. ఆ దినములలోనే, 2019 జనవరిలో, మూడు విడతలుగా గ్రామపంచాయతీ ఎన్నికలు జరిగినవి. 2018 నాటి క్రొత్త పంచాయతీరాజ్ చట్టము సర్పంచులపై ఎన్నడులేని బాధ్యతలు మోపియుండెను. గ్రామములకు పాలకులు వచ్చిరి. ఆ గ్రామముల శాఖకు మాత్రము ప్రత్యేకముగా మంత్రి లేడు. క్రొత్త సర్పంచి తన సందేహమును ఎవరితో చెప్పుకొనవలెను? అధికారి ఉత్తరువు వ్రాయగలడు గాని, శాసనసభలో నిలిచి ప్రజలకు జవాబు చెప్పలేడు గదా!

రాజ్యాంగమును చూతము. 2003 నాటి 91వ సవరణ ప్రకారము రాష్ట్ర మంత్రుల సంఖ్య శాసనసభ్యులలో నూటికి 15 వంతులకు మించరాదు. ముఖ్యమంత్రితో కలిపి పండ్రెండుగురికి తగ్గరాదు. మించరాదన్న మాటను అందరును పాటించుచున్నారు. తగ్గరాదన్న మాట అంత గట్టిదే యైనను, ఎన్నిదినములలోగా నింపవలెనో చెప్పకుండుటచే అది చేతికందని ఫలమైనది. ఈ విషయమున కౌటిల్యుడు మనకంటె జాగరూకుడు. ఒక్కని ఆలోచన వినువాడు ఆ ఒక్కనికి అదుపులేకుండ జేయుననియు, ఇరువురైన వారు కలిసిన నొక చిక్కు, కలహించిన మరియొక చిక్కు అనియు తలచి, ముగ్గురు నలుగురితో నాలోచింపుమని రాజునకు చెప్పెను. సింహాసనమెక్కిన రాజునకే ఆ నియమము తగినపుడు, ఓటుతో వచ్చిన ముఖ్యమంత్రికి తగకుండునా?

మంత్రులను ఎన్నుకొనుట నాయకుని హక్కనియు, ఆ హక్కును ప్రశ్నించిన పాలన సాగదనియు కొందరందురు. హక్కు నిజమే. అమెరికాలో అధ్యక్షునకు అంతకంటె పెద్ద హక్కు కలదు. 1972లో రెండవసారి గెలిచిన నిక్సను వెంటనే తన మంత్రివర్గమునంతటిని రాజీనామాలిమ్మని కోరెను. 2013లో ఒబామా రెండవ పాలనాకాలమున విదేశాంగశాఖ హిల్లరీ క్లింటనునుండి జాన్ కెర్రీకి మారెను. కాని అచ్చట అధ్యక్షుడు పేర్కొన్న మంత్రి సెనేటు ఎదుట బహిరంగముగా ప్రశ్నలకు జవాబు చెప్పి ఆమోదము పొందవలెను. ఆ సంవత్సరమే రక్షణమంత్రి పదవికి నియమితుడైన చక్ హేగెల్ 58–41 ఓట్లతో గాని గట్టెక్కలేదు. మనకు అట్టి పరీక్ష లేదు. దానికి మారుగా మన రాజ్యాంగము మంత్రివర్గమంతయు కలిసి శాసనసభకు బాధ్యత వహించునని శాసించినది. ఆ సమష్టిబాధ్యత ఇద్దరిపై నిలుచునది కాదు. ఎప్పుడు తొలగింపబడుదుమోయని జంకువారిపై నంతకంటె నిలువదు.

అట్టి తొలగింపు ఫలము 2021లో చూచితిమి. మే నెలలో, కోవిడ్ రెండవ విజృంభణమున జనులు ఆసుపత్రులచుట్టు తిరుగుచుండగా, భూ ఆక్రమణ ఆరోపణలపై ఆరోగ్యమంత్రి శ్రీ ఈటల రాజేందర్ గారిని తొలగించిరి. ఆ యారోపణలను వారు ఖండించిరి. వాని నిజానిజములు విచారణలో తేలవలసినవి. మా ప్రశ్న వేఱు. ఆ శాఖకు నవంబరువరకు ప్రత్యేకముగా మంత్రిని నియమింపకుండుట ఏ ప్రయోజనమునకు? ఆంధ్రప్రదేశమున 2022 ఏప్రిలులో మంత్రులందరిచేత ఒక్కసారి రాజీనామాలు చేయించి, 25 మందితో క్రొత్తవర్గమును కూర్చి, అందు 11 మంది పాతవారినే నిలిపిరి. మిగిలినవారు ఏల పోయిరో, వీరేల నిలిచిరో పౌరునకు తెలియజెప్పు విధి ఎవరికిని లేదు.

స్త్రీల సంగతి వేఱుగా చెప్పవలసినది. దేశముఖు దౌర్జన్యము నెదిరించి తన భూమిని, పంటను నిలుపుకొనిన చాకలి ఐలమ్మది ఈ పాలకుర్తియే. అట్టి తెలంగాణమున తొలి మంత్రివర్గము 2014 నుండి 2018 వరకు ఒక్క స్త్రీయైనను లేకుండ గడచెను. 2019 సెప్టెంబరులో శ్రీమతి సబితా ఇంద్రారెడ్డి, శ్రీమతి సత్యవతి రాథోడ్ మంత్రులైరి. మార్పు మంచిదే, అయిదేండ్ల ఆలస్యమునకు మాత్రము ఎవరును సమాధానము చెప్పలేదు.

ప్రజలు సమాధానము అడుగక మానరు. 2023 ఎన్నికలలో పాలకుర్తి వోటరులు, మంత్రిగా నున్న తమ ప్రతినిధిని కాదని, కాంగ్రెసు అభ్యర్థినియగు ఇరువదియారేండ్ల శ్రీమతి యశస్విని రెడ్డిని గెలిపించిరి. మంత్రిపదవి ఊరికి అలంకారమైనంతమాత్రమున ఓటు దానికి కట్టుబడదని తేలినది. కాని వచ్చిన క్రొత్త ప్రభుత్వమును పాత బాటను పూర్తిగా వీడలేదు. డిసెంబరు 7న సరిగా పండ్రెండుగురితో ఏర్పడి రాజ్యాంగపు కనీససంఖ్యను పాటించినది. అందుకు మెచ్చుకొందము. మిగిలిన ఆరుస్థానములలో మూడు 2025 జూనువరకు నిండలేదన్న సంగతియు చెప్పుదము.

మేము కోరునవి మూడు. ప్రమాణస్వీకారమునుండి నెలలోపల పండ్రెండుగురి మంత్రివర్గము పూర్తికావలెనని చట్టమున స్పష్టము చేయవలెను. మంత్రిని చేర్చినను తొలగించినను ముఖ్యమంత్రి తరువాతి సమావేశములో శాసనసభకు కారణము నివేదింపవలెను. ఆరోగ్యము, విద్య, పంచాయతీలవంటి శాఖలు ఒక్కవారమైనను ప్రత్యేకమంత్రి లేకుండ నుండరాదు. వీనిచే నాయకుని హక్కునకు లోపము రాదు; హక్కునకు బాధ్యత తోడగును.

పాలకుర్తి మండలములోని బమ్మెర పోతన జన్మస్థానమని ఇచ్చటివారి విశ్వాసము. రాజునకు కృతినీయనొల్లని కవిగా ఆయనను జనులు నేటికిని తలచుచున్నారు. మంత్రులు రాజాశ్రితులు కారు, ప్రజాశ్రితులు. వారిని నియమించువాడు నాయకుడే గాని, ఆ పదవి ఆయన సొత్తు కాదు. అది ప్రజలది.