ఓపెన్ సోర్స్‌లోకి తొలి అడుగు: చింతలపూడి నుంచి ఆపరేటింగ్ సిస్టమ్‌కి పనిచేయొచ్చా? కోడింగ్ కంటే ముందు కావాల్సింది ఇదే!

ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లను హడలెత్తించిన సంగతి గుర్తుందా? 2018 ఫిబ్రవరిలో జరిగిందిది. ‘జ్ఞా’ అక్షరంలో కంటికి కనిపించని ఒక యూనికోడ్ గుర్తు చేరితే చాలు, మెసేజ్ వచ్చిన యాప్ క్రాష్ అయిపోయేది. ఫిబ్రవరి 19న యాపిల్ ఐఓఎస్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చేదాకా ఎదురుచూడటమే మిగిలింది. తెలుగు ఎంత బాగా తెలిసినా, బయటివాళ్లకు ఆ కోడ్ తెరిచి చూసే వీలే లేదు మరి.

మీ చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే కథ వేరు. అందులో నడిచేది లినక్స్ కెర్నల్. తెలుగు ఒత్తులు, గుణింతాలను సరైన చోట కూర్చేది హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్. రెండూ ఓపెన్ సోర్సే. ఎవరైనా కోడ్ చూడొచ్చు, తప్పు చెప్పొచ్చు, సరిచేసి పంపొచ్చు. ఏలూరు జిల్లా చింతలపూడిలో ఇంట్లో కూర్చున్న డిగ్రీ విద్యార్థి అయినా సరే. ఫీజు లేదు, సిఫార్సు అక్కర్లేదు.

మరి మొదలుపెట్టేదెలా?

ముందు వాడండి

వాడని సిస్టమ్‌లో తప్పు దొరకదు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ ఆపేసింది. అలా మూలన పడిన పాత ల్యాప్‌టాప్ ఇంట్లో ఉంటే డెబియన్, ఫెడోరా, ఉబుంటుల్లో ఒకటి వేయండి. పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూశాకే ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. ఫైళ్లు మాత్రం ముందే బ్యాకప్ తీసుకోండి. నెల రోజులు తెలుగులోనే వాడండి. ఎక్కడో ఒక ఒత్తు పక్కకు జరుగుతుంది, ఒక మెనూ సగం ఇంగ్లిష్‌లో కనిపిస్తుంది. అదే మీ మొదటి పని.

తప్పు చెప్పడమూ పనే

‘తెలుగు సరిగా రావట్లేదు’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ వెర్షన్, ఏ ఫాంట్, ఏం టైప్ చేశారు, ఏం రావాలి, ఏం వచ్చింది... ఈ ఐదూ రాసి స్క్రీన్‌షాట్ జతచేయండి. అంతకుముందే ఎవరైనా చెప్పారేమో వెతకండి. డెబియన్‌లో దీనికోసం ‘రిపోర్ట్‌బగ్’ అనే టూల్ ఉంది. ఇంగ్లిష్ రాదని భయం వద్దు, చిన్న చిన్న వాక్యాలు చాలు.

చిన్న విషయం గమనించడం ఎంత పెద్దదో 2024 మార్చి 29న ప్రపంచానికి తెలిసింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్, సర్వర్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేంటని తవ్వితే, ‘ఎక్స్‌జెడ్’ అనే టూల్‌లో దొంగ దారి బయటపడింది. అప్పటికే అది డెబియన్, ఫెడోరా టెస్టింగ్ వెర్షన్లలోకి వచ్చేసింది. ఆ టూల్‌ని ఏళ్ల తరబడి దాదాపు ఒక్కరే చూసుకున్నారు. సాయం చేస్తానంటూ నమ్మకం సంపాదించిన వ్యక్తే దొంగ దారి పెట్టాడు. నిజాయితీగా నిలబడే చేతులు ఎందుకు కావాలో ఇంతకంటే చెప్పాలా?

తెలుగు మీ బలం

గ్నోమ్, కేడీఈ, లిబ్రేఆఫీస్... వీటి మెనూలను తెలుగులోకి తెచ్చేది వలంటీర్లే. ‘సేవ్’ని ‘భద్రపరచు’ అనాలా, ‘సేవ్ చేయి’ అనాలా? మీ అమ్మగారికి ఏది తేలిగ్గా అర్థమవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు కోడ్‌లో ఉండదు, మన ఊళ్లో ఉంటుంది. హైదరాబాద్‌లోని ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగు లినక్స్ కోసం చాలాకాలంగా పనిచేస్తోంది. 2008లో మొదలైన నూజివీడు ట్రిపుల్ ఐటీ మనకు దగ్గర్లోనే ఉంది. తోడు కావాలంటే దొరకని పరిస్థితేం కాదు.

కోడ్ పంపాలంటే

కెర్నల్‌కి మార్పులు ఈమెయిల్‌లోనే వెళ్తాయి. గిట్ నేర్చుకోండి, ‘చెక్‌ప్యాచ్’తో సరిచూసుకోండి, మీ పేరుతో ‘సైన్డ్ ఆఫ్ బై’ లైను పెట్టండి. మొబైల్ డేటాతో నెట్టుకొస్తున్నారా? పాత హిస్టరీ మొత్తం దించితే జీబీలకు జీబీలు అయిపోతాయి. ‘డెప్త్ 1’ ఆప్షన్‌తో తాజా కోడ్ మాత్రమే దించుకోండి. ఏఐ సాయం తీసుకున్నా, పంపిన ప్రతి లైనుకీ జవాబు చెప్పాల్సింది మీరే.

టీషర్ట్ కోసం వద్దు

2020 అక్టోబర్‌లో ‘హాక్టోబర్‌ఫెస్ట్’ టీషర్టుల కోసం వేలంవెర్రిగా పనికిరాని మార్పులు పంపారు. ఒక పదం చేర్చడం, పంపేయడం. వాటిని తిరస్కరించడానికే మెయింటెయినర్ల టైమంతా పోయింది. చివరికి నిర్వాహకులు నిబంధనలే మార్చారు. రెజ్యూమెలో ఒక లైను కోసం చేసే పని ఇలాగే అభాసుపాలవుతుంది.

మీ మొదటి ప్యాచ్ వెనక్కి రావచ్చు, వారాల తరబడి జవాబే రాకపోవచ్చు. అటువైపు ఉన్నవాళ్లలో చాలామంది వలంటీర్లే. చింతలపూడి రైతుకి చెప్పక్కర్లేదు, మామిడి అంటు నాటిన ఏడాదే కాపు రాదు.

ఇంతకీ మీ ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో తెలుగు ఎక్కడ తప్పుగా కనిపిస్తోంది? ఈ రాత్రికే ఒక స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మొదలు అక్కడే.